ఏడు ముఖాల రాయి

దసరా సెలవులకు పది రోజుల ముందు రత్నమ్మ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. నేను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. రత్నమ్మా నేనూ గుంటూరులో ట్రైనింగ్ చదివే రోజుల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. తర్వాత ఆమెకు నంద్యాలలో ప్రైమరీ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఏడాదికి ఒకటో రెండో ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. ఈసారి ఉత్తరం చాలా పొట్టిది. "మా నాయన ముఖం గీయాల. ఫోటో లేదు. ఇంకా ఆరుగురివి గీయాల. వాళ్ళకీ ఫోటోలు లేవు. మేం చెప్తాం. నువ్వు గీయగలవా?"

వాళ్ళ నాయన పోయి రెండేళ్ళయిందని నాకు తెలుసు. అప్పట్లో ఓదార్పు మాటలు నాలుగు రాసి కార్డు వేశాను. ఎలా పోయాడని మాత్రం అడగలేదు.

ఇది డెబ్బైల చివరి మాట. గుంటూరు నుంచి నంద్యాలకు అప్పట్లో చిన్న పట్టాల రైలే. బొగ్గు నుసి కళ్ళలో పడుతూనే ఉంటుంది. గిద్దలూరు దాటి నల్లమలలోకి వెళ్ళాక రైలు నడిచే మనిషికంటే నెమ్మదిగా ఎక్కుతుంది. గిద్దలూరులో ఎక్కిన ఒక పెద్దావిడ ఒళ్ళోంచి పచ్చి శెనక్కాయలు తీసి నా చేతిలో పోసింది. నంద్యాల చూడడానికా అని అడిగి, ఆడ చూసేదానికి ఏముండాది, మహానందికి పొమ్మని సలహా చెప్పింది. మా వైపు అయితే ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఊరు. ఈవిడ అవేమీ అడగలేదు. ఈ సీమ మనుషులు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. నేను పొరపాటు పడడం ఆ రైల్లోనే మొదలయింది.

నంద్యాల

రత్నమ్మ గది బియ్యం మిల్లుల వెనక సందులో ఉంది. ఆరేసిన చీర మీద గంటసేపట్లో తవుడు పేరుకుంటుంది. ఊరంతా వేడి వేడి ఊక వాసన. పొద్దున నన్ను హోటల్‌కు తీసుకెళ్ళి ఉగ్గాని తినిపించింది. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి తాలింపు పెట్టి, పైన పప్పులపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. అర్ధరూపాయికి ఆకు నిండింది. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ అవే కడుపు నింపుతాయి. కారానికి నా కళ్ళ వెంట నీళ్ళు కారితే రత్నమ్మ నవ్వింది.

"ఈడ కాబట్టి నీ పక్కన కూచున్యా. మా ఊరి కాడ టీ అంగట్లో అయితే నా గ్లాసు చూరులో ఉంటాది," అంది.

ఇంకా అలాంటివి ఉన్నాయా అన్నాను. మీ కల్ల, అంటే మీ వైపు, లేవా అని అడిగింది. లేవన్నాను. ఆ మాట నిజమనే అన్నాను. మా అమ్మ మా పాలేరుకు చెంబుతో పైనుంచి దోసిట్లో నీళ్ళు పోయడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. కానీ అదీ ఇదీ ఒకటేనని నాకు ఆ పూటదాకా తోచలేదు. రత్నమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

వాళ్ళ నాయన ఎలా పోయాడో గోస్పాడు వైపు వెళ్ళే బస్సులో చెప్పింది. ఆ ఊరి పేరు నేను రాయను. రాయనని అక్కడివాళ్ళకు మాట ఇచ్చాను. ఊళ్ళో మంచినీళ్ళ బావి ఒకటే. ఊరికి ఎడంగా ఉండే రత్నమ్మ వాళ్ళ పల్లెవాళ్ళు దాన్ని తాకకూడదు. బిందెలు తీసుకుని దూరంగా కూర్చుంటే, ఊరివాళ్ళు ఎవరో ఒకరు వచ్చి చేది పోస్తారు. తాతల కాలం నుంచీ అంతే. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో పల్లెవాళ్ళు కూలి ఇంకో శేరు గింజలు పెంచమని అడిగారు. ఊరివాళ్ళు తిట్టలేదు, కొట్టలేదు. నీళ్ళు పోయడం మానేశారు. ఎండాకాలం కాబట్టి కాలువకు నీళ్ళు వదలలేదు. కాలువ అడుగున గుంటల్లో పచ్చగా నిలిచిన నీళ్ళు గుడ్డలో వడగట్టుకుని తాగారు. నాలుగైదు రోజులకే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రికి చేర్చడానికి ఎవరూ బండి కట్టలేదు. మంచాల మీద మోసుకుపోయారు. ఏడుగురు పోయారు.

"కేసు పెట్టలేదా?" అని అడిగాను.

"ఎవరి మీద పెట్టేది? ఎవరూ ఏమీ చెయ్యల్యా కదా," అంది రత్నమ్మ.

పదకొండో రోజున పల్లెవాళ్ళు పాత కూలికే పనిలోకి వెళ్ళారు. ఆ సాయంత్రం ఊరివాళ్ళు మళ్ళీ నీళ్ళు పోశారు.

పల్లె

రత్నమ్మ తల్లి జానమ్మ బక్కపల్చని మనిషి. అరవై ఏళ్ళుంటాయి. నన్ను నులక మంచం మీద కూర్చోబెట్టి, ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను ఇంటినుంచి ఫ్లాస్కులో కాచిన నీళ్ళు తెచ్చుకున్నాను. బస్సులో విన్న మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. గ్లాసు పుచ్చుకుని, తెలియకుండానే లోపలికి తొంగి చూశాను. ఒక్క క్షణమే. ఆవిడ గమనించింది.

"తాగమ్మా. బావి నీళ్ళే. ఊరోళ్ళు పోసినవే," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఎక్కువ తగిలింది. మొత్తం తాగేశాను. ఫ్లాస్కు సంచి అడుగున పెట్టేసి మళ్ళీ పైకి తీయలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టారు. రొట్టె తట్టడం నేర్చుకుంటానని కూర్చుని మూడు రొట్టెలు చింపాను. వాటిని జానమ్మ కోళ్ళకు వేసింది. సాయంత్రానికి పల్లెలో అందరికీ తెలిసిపోయింది, కోస్తా టీచరమ్మకు బొమ్మలు వేసేది తెలుసుగానీ రొట్టె తట్టేది తెలియదని.

ముఖాలు

పల్లె చివర చిన్న ప్రార్థన మందిరం ఉంది. మట్టిగోడలు, పైన రెల్లు. అక్కడ చాప పరిచి కాగితాలు, బొగ్గుకడ్డీలు పెట్టుకుని కూర్చున్నాను. ముందుగా రత్నమ్మ నాయన. కోలముఖమా, గుండ్రటి ముఖమా అని అడిగాను. ముక్కు ఎలా ఉండేదన్నాను. ముక్కు మాదిరే ఉండేదన్నారు. గంటసేపు ఇలాగే గడిచింది. నావల్ల కాదని చెప్పేద్దామనుకుంటూ ఉండగా, వెనకనుంచి ఒకావిడ తన మరిదిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. "నొసలు ఇదో, ఇట్లనే ఉండె," అంది.

అంతే, దారి దొరికింది. ఒకరి నొసలు, ఇంకొకరి చెవులు, పక్కింటాయన గడ్డం కింద నొక్కు. పోయినవాళ్ళ ముఖాలు బతికినవాళ్ళ ముఖాల్లో ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాళ్ళు వేలుపెట్టి చూపిస్తుంటే నేను గీశాను. రత్నమ్మ తన నాయన నవ్వు ముఖంతో ఉండాలంది. జానమ్మ ఒప్పుకోలేదు.

"దానికి నవ్వే నాయన తెలుసు. నాకు తెలిసిన మనిషి వేరే," అంది. చివరికి నోరు తల్లి చెప్పినట్టూ, కళ్ళు కూతురు చెప్పినట్టూ వేశాను. ఇద్దరూ చాలాసేపు చూసి, చెరొకవైపూ తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

అలా మూడు రోజులు గడిచాయి. పని ముగించుకుని వచ్చినవాళ్ళు వచ్చినట్టు మందిరంలో కూర్చునేవాళ్ళు. బొమ్మ కోసం మొదలైన మాటలు ఎక్కడెక్కడికో పోయేవి. ఎవరు ముందు పడిపోయారో, ఎవరు ఎవరి మంచం మోశారో, చివరికి ఎవరు ఏం అడిగారో అన్నీ బయటికి వచ్చాయి. ఇవన్నీ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం కూడా రెండేళ్ళలో అదే మొదటిసారని నాకు తర్వాత తెలిసింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు కాలువ గుంటకు బిందె తీసుకుని వెళ్ళినవాళ్ళే. నా బిందెలో నీళ్ళే చంపాయేమోనని ఎవరికి వాళ్ళు లోపల పెట్టుకుని కుమిలిపోయారు.

అందరికంటే ఎక్కువ కుమిలింది దేవమ్మ. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ఆమె కూతురు మేరీ ఐదేళ్ళది, ఏడుగురిలో చిన్నది. మూడో రోజు మేరీ వంతు వచ్చింది. దేవమ్మ గోడవారగా కూర్చుని, తనకు ముఖం గుర్తురావడం లేదంది. ఎంత అడిగినా అదే మాట. కళ్ళు మూసుకుంటే కాళ్ళు గుర్తొస్తాయట, నడుముకు కట్టిన నల్లదారం గుర్తొస్తుందట, ముఖం దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఉండదట.

"నేనే కదా ముంచుకోనొచ్చింది. నేనే కదా తాపింది. దానికే దేవుడు తుడిచేసినాడు," అంది.

జానమ్మ లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"బిందె నీదే. మా ఆయనకు తాపిన బిందె నాది. బావి మూసిన చెయ్యి మనది కాదు," అంది.

అప్పుడు ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు, నేనూ తెచ్చానని, నేనూ తాపానని. ఎవరూ గట్టిగా ఏడవలేదు. చాలాకాలంగా మోస్తున్న బరువు దించుతున్నట్టు, ఒకరి తర్వాత ఒకరు. నేను బొగ్గుకడ్డీ కింద పెట్టేశాను. ఆ తర్వాత అందరూ కలిసి మేరీ ముఖం చెప్పారు. బుగ్గలు ఒకరివి, కనుబొమ్మలు మేనత్తవి, ముందుపళ్ళ మధ్య సందు మాత్రం ఎవరికీ లేదు, అది మేరీదే. పదకొండు కాగితాలు పాడుచేశాను. పన్నెండోదాన్ని దేవమ్మ ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఆ. ఇదే," అంది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ సాయంత్రం నేను చాలా గర్వపడ్డాను. పదహారేళ్ళుగా పిల్లలచేత కుండలూ మామిడికాయలూ గీయించిన చేతులు ఒకసారైనా పనికొచ్చాయని డైరీలో రాసుకున్నాను.

ఈ ముఖాలను రాతి మీద చెక్కించి మందిరం ముందు నిలబెట్టాలని పల్లెవాళ్ళ ఆలోచన. ముఖాల కింద ఏం రాయించాలన్న మాట కూడా అక్కడే వచ్చింది. ఆదివారం ప్రార్థన చేయించడానికి వచ్చిన అయ్యగారు, దేవుని చిత్తప్రకారం నిద్రించారని రాయిస్తే గొడవ ఉండదన్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఊరోళ్ళు చేసింది దేవుని మీదికి తొయ్యద్దన్నారు.

బావి

మర్నాడు పొద్దున జానమ్మతో పాటు నేనూ బిందె తీసుకుని వెళ్ళాను. బావికి ఇరవై గజాల దూరంలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. నేనూ కూర్చున్నాను. గంట తర్వాత ఊళ్ళోంచి ఒకావిడ వచ్చింది. మంచిమనిషిలాగే ఉంది, ఆలస్యమైందని కూడా అంది. నన్ను చూసి ఎవరని అడిగింది. చెప్పాను. ఏ ఊరు, ఎవరమ్మాయివి, ఇంటిపేరేమిటి అని అడిగింది. అన్నీ చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. మీరు ఆడ కూచున్యారేమి, వచ్చి చేదుకోండి అంది.

నేను లేచి వెళ్ళాను. చేద వేసి నీళ్ళు తోడాను. నా బిందె నింపుకోకుండా పల్లెవాళ్ళ బిందెలన్నీ ఒక్కొక్కటీ నింపాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పెద్ద పని చేశాననే అనుకున్నాను. ఊరావిడ నవ్వుతూ చూసింది. పల్లె ఆడవాళ్ళు తలలు వంచుకుని బిందెలు ఎత్తుకున్నారు.

దారిలో జానమ్మను అడిగాను, నేను చేసింది తప్పా అని.

"తప్పేముండాది. రోజూ ఆయమ్మ పోస్తాది, ఈ పొద్దు నువ్వు పోస్తివి. నువ్వు పోసినా అది పోసేదే కదా తల్లీ," అంది.

తర్వాత ఇల్లు చేరేదాకా ఆవిడ రొట్టెలకు పిండి విసరాలని, కోడి పొదగడానికి కూర్చుందని ఏవేవో చెబుతూనే ఉంది. నాకు ఒక్కటీ చెవికెక్కలేదు.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో బస్సు దిగకముందే ఉలిదెబ్బలు వినిపిస్తాయి. రోడ్డు పక్క పాకల ముందు సగం చెక్కిన దేవుళ్ళు దుమ్ములో పడుకుని ఉంటారు. ఒకరికి చేతులు లేవు, ఒకరికి ముఖం లేదు. మేం ముగ్గురం, జానమ్మా రత్నమ్మా నేనూ, ఒక పెద్దాచారి పాకకు వెళ్ళాం. కనుబొమ్మల మీద కూడా రాతిపొడి పేరుకున్న మనిషి. నాకు మంచం వాల్చాడు. ఏ పల్లెనుంచి వచ్చామో విన్నాక, వాళ్ళిద్దర్నీ బయట వేపచెట్టు కింద కూర్చోమన్నాడు.

నేనూ వెళ్ళి చెట్టు కిందే కూర్చున్నాను. బావి దగ్గర సంగతి తర్వాత దాన్ని పెద్ద పనిగా అనుకోలేదు. కాగితాలు నా దగ్గరున్నాయి కాబట్టి ఆచారి చెట్టు కిందికి రాక తప్పలేదు. రావడం రావడమే, చావు రాళ్ళు తాను చెక్కనని చెప్పాడు. అయినా కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. మొదటిది చూసి, రెండోది చూసి, మళ్ళీ మొదటిదానికి వచ్చాడు.

"ఈ ముసలాయన చెవులు కిందికేసినావు. చెవి పైకొన కంటిగీతకు రావల్ల," అని నా పెన్సిల్ లాక్కుని దిద్దాడు. ఆయన దిద్దిందే నిజం. అప్పటినుంచి చెక్కనన్న మాట మరిచిపోయాడు. దేవుడి ముఖానికైతే కొలత ఉంటుందని, ఈ ముఖాలకు కొలత ఎక్కడినుంచి తేవాలని గొణుక్కున్నాడు.

"కొలత నేను చెప్తాలే. నలభై ఏండ్లు చూసిన మొకం," అంది జానమ్మ.

ఆచారి మొదటిసారి ఆవిడ వైపు చూసి మాట్లాడాడు. ఎవరు ఏమవుతారని అడిగాడు. ఎలా పోయారని అడిగాడు. ఆవిడ చెప్పింది. విన్నాడు. నల్లటి నాపరాయి మీద ఏడు ముఖాలూ గీతలుగా చెక్కుతానని ఒప్పుకున్నాడు. అప్పుడు రత్నమ్మ తాను రాసిపెట్టుకున్న మాట ఇచ్చింది. 'తాగేదానికి నీళ్ళు ఇయ్యక చంపబడినవారు.' ఆయన రెండుసార్లు చదివి, కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు.

"పేర్లు చెక్కుతా. ఏండ్లు చెక్కుతా. ఇది చెక్కలేను తల్లీ. ఆ కల్ల గుళ్ళ పని నాకు ఇచ్చేది మీ ఊరి ఆసాముల మాదిరోళ్ళే. రేపు నా చేతికి పని ఎవరిస్తారు?"

రత్నమ్మ లేచి నిలబడింది. ఆ మాట లేకపోతే రాయే వద్దంది. ఏడుగురు జ్వరమొచ్చి పోయినట్టుంటుందంది. ఆమె అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. హాస్టల్లో రెండేళ్ళు నా పక్క మంచం మీదే పడుకున్న మనిషి. ఇంత కోపం అప్పుడు ఎక్కడ దాచుకుందో.

జానమ్మ కూతురి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "మొకాలు రానీ ముందు. కింద జాగా వదులు అబ్బా. రాసేటోళ్ళు పుట్టినప్పుడు రాసుకుంటారు," అని ఆచారికి చెప్పింది.

ఆళ్లగడ్డలో రత్నమ్మ వాళ్ళ బంధువుల ఇంట్లో ఆరు రోజులున్నాం. రోజూ వెళ్ళి చెట్టు కింద కూర్చునేవాళ్ళం. ఆచారి భార్య ఆకుల్లో కొర్రన్నం, గోంగూర పప్పు తెచ్చి పెట్టేది. లోపలికి రమ్మని ఒక్కరోజూ అనలేదు, వండి పెట్టకుండా ఒక్కరోజూ ఉండలేదు. రెండింటినీ ఒకే మనిషిలో ఎలా సర్దుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. నాలుగో రోజున ఆచారి పాకలో వెలుతురు చాలడం లేదంటూ రాయిని వేపచెట్టు కిందికి జరిపించాడు. పాకలో వెలుతురుకేమీ లోటు లేదు. ఆ రోజునుంచి జానమ్మ రాయి పక్కనే కూర్చుని, ఆ గీత లోతుగా పెట్టు, ఈ గీత వద్దు అని చెబుతుంటే ఆయన అలాగే చెక్కాడు.

దారిలో

నాపరాళ్ళు మోసే లారీ ఒకటి మా రాయిని ఎక్కించుకుంది. జానమ్మ రాయి దగ్గరే కూర్చుంటానని వెనక ఎక్కింది. సగం దారిలో టైరు పంక్చరయింది. డ్రైవర్ చక్రం ఊడదీస్తుంటే నేను పక్కనున్న ఊళ్ళో ఒక ఇంటికి వెళ్ళి నీళ్ళు అడిగాను. ఆ ఇంటావిడ చెంబు తీసుకుని వస్తూ ఎక్కడినుంచి వస్తున్నావని అడిగింది. ఫలానా పల్లె అని చెప్పాను. ఎవరింట్లో దిగావంది. జానమ్మ ఇంట్లో అన్నాను. మా ఇంటిపేరు చెప్పలేదు. ఆవిడ కూడా అడగలేదు.

ఆవిడ అరుగు మీదే ఆగిపోయింది. వంగమంది. వంగి దోసిలి పట్టాను. పైనుంచి పోసింది.

దోసిట్లోంచి తాగేటప్పుడు సగం నీళ్ళు మోచేతులమీదుగా కారిపోతాయి. తల ఎత్తలేం, పోసేవాళ్ళ ముఖం కనిపించదు, కాళ్ళే కనిపిస్తాయి. చాలని చెప్పడానికి నోరు ఖాళీ ఉండదు, తల అడ్డంగా ఊపాలి. మా పాలేరు పేరు నాగయ్య. ముప్ఫై ఏళ్ళు మా పెరట్లో అలా తల ఊపాడు. నాకు దాహం తీరేదాకా తాగాను. లారీ దగ్గరికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. రత్నమ్మ నా తడిసిన మోచేతులు చూసింది.

రాయి వచ్చిన రోజు

ఊరి మొదట్లో లారీని ఆపారు. పల్లెకు వెళ్ళాలంటే ఊరి నడివీధి మీదుగానే బండిదారి. అరుగు మీద పేపర్ చదువుకుంటున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. గొంతు కూడా పెంచలేదు. చచ్చినవాళ్ళ రాయి నడివీధిలో పోతే ఊరికి అరిష్టమని, రాయి పెట్టుకోవద్దని తామేమీ అనడం లేదని, కాలువ గట్టు మీదుగా చుట్టూ తీసుకుపొమ్మని చెప్పాడు. నా వైపు తిరిగి, తన అల్లుడిది తెనాలి వైపేనని చెప్పి, కాఫీ తాగి పొమ్మన్నాడు. నేను వద్దన్నాను. ఆయన నొచ్చుకున్నాడు కూడా.

పల్లెకు కబురు వెళ్ళింది. మోకులు, వెదురు బొంగులు తీసుకుని అందరూ వచ్చారు. కాలువ గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవడానికే కష్టం. ముందు ఎనిమిదిమంది మగవాళ్ళు భుజాలకెత్తుకున్నారు, తర్వాత ఆడవాళ్ళు అందుకున్నారు. దేవమ్మ ఎవరు చెప్పినా వినకుండా రెండు మార్లు మోసింది. వీధిలో అయితే పావుగంట దారి. మధ్యాహ్నమంతా పట్టింది. కింద కాలువ నిండా నీళ్ళు పారుతున్నాయి. ఎవరూ అటు చూడలేదు.

మందిరం ముందు గుంట తీసి రాయి నిలబెట్టారు. ప్రసంగం ఏదీ లేదు. జానమ్మ మొదట తన భర్త పేరు పెట్టి ఒక చరణం అందుకుంది. ఎప్పుడు కట్టిందో తెలియదు. వరినాట్లలో పాడే వరసే, మాటలు కొత్తవి. ఆయన ఏ చేలో ఏం చేసేవాడో, ఏం తినడమంటే ఇష్టమో అంతే. తక్కినవాళ్ళు ఆ పేరును తిరిగి అందుకున్నారు. తర్వాత ఇంకొకరు ఇంకో పేరు. ఏడు పేర్లూ పాడారు. మేరీ దగ్గరికి వచ్చేసరికి దేవమ్మ పాడలేకపోయింది. మేనత్త పాడింది. ఆచారి వదిలిన ఖాళీ జాగాను రత్నమ్మ చేత్తో తడుముతూ నిలబడింది. పాటలో ఆమె గొంతు నాకు వినిపించలేదు.

చివరి ఉదయం

బయలుదేరే రోజు పొద్దున్నే, రాయిని ఇంకోసారి చూద్దామని వెళ్ళాను. దేవమ్మ అక్కడే కూర్చుని ఉంది. తడిగుడ్డతో రాయి మీద దుమ్ము తుడుస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. బొమ్మ బాగా వచ్చిందని, ఆచారి చెయ్యి మంచిదని ఏదో అన్నాను.

"ఒక మాట చెప్తా. రత్నమ్మక్కకు చెప్పొద్దు," అంది.

చెప్పనన్నాను.

"ఈ మొకం దానిది కాదమ్మా."

ఆమె మేరీ ముఖం చుట్టూ తుడుస్తూనే ఉంది.

"నువ్వు కాగితం పెట్టిన కాడనే తెలిసె. అందరూ నా కల్లే చూస్తాండ్రి. మూడు దినాలు అంత పాటు పడితిరి. అవునంటి."

అప్పుడే చెప్పివుంటే మళ్ళీ గీసేదాన్ని కదా, ఎన్నిసార్లైనా గీసేదాన్ని కదా అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకే రాల్యా. నీకు యాడనుంచి వస్తాది?"

నేను అడగకుండానే మళ్ళీ మాట్లాడింది. మేరీ పోయినప్పటినుంచీ తనకు బాధ కలుగుతుందని పల్లెలో ఎవరూ ఆ పేరు ఎత్తలేదట. ఆ పేరుతో ఇంకో పిల్ల ఉంటే ఆ పిల్లను కూడా వేరే పేరుతో పిలిచేవాళ్ళట. నిన్న సాయంత్రం నుంచి పిల్లలు ఈ రాయి దగ్గరికి వచ్చి, వేలు పెట్టి చూపిస్తూ ఇది మేరీ, ఇది మేరీ అని అరుచుకుంటున్నారట.

"ఈ పిల్ల ఎవరో నాకు తెల్దు. ఎవరైతేనేమి, పేరు వినబడతాండాది కదా," అంది. గుడ్డ పిండుకుని, పక్కనున్న ముఖం తుడవడం మొదలుపెట్టింది.